కాటా మీద అడవి

తెల్లవారి ఐదున్నర. సత్తుపల్లి నుంచి అశ్వారావుపేట వెళ్లే దారిలో రోడ్డు దిగి కాస్త లోపలికి నడిస్తే నాలుగేళ్ల జామాయిల్ తోట. ఆకుల మీద మంచు ఇంకా ఆరలేదు. కోత మిషన్ తాడు రెండుసార్లు లాగితే మొండికేసింది. మూడోసారికి అందుకుంది. నిమిషం తిరక్కుండా మొదటి చెట్టు కరకరమంటూ పక్క చాలులోకి ఒరిగింది. అది నేలను తాకగానే గుప్పున నీలగిరి తైలం వాసన. జలుబు చేసిన పిల్లల ఛాతీకి రాసే మందు వాసన అదే.

చెట్టు పడ్డ చోటికి ఆడకూలీలు చేరారు. మగవాళ్లు కొమ్మలు కొట్టేసి కర్రను కొలత ప్రకారం ముక్కలు చేస్తుంటే వీళ్ల పని తాట తీయడం. కత్తితో నిలువుగా ఒక గాటు, ఆ గాటులోకి మొన దూర్చి ఓ తిప్పు, తర్వాత రెండు చేతులా పట్టుకుని ఒక్క లాగు. అరటి దొప్పలా తాట మొత్తం ఊడి చేతికొస్తుంది. లోపలి కర్ర తెల్లగా, తడిగా, చేపలా జారిపోతుంటుంది. ఈ పని ఇవాళే అయిపోవాలి. రెండు రోజులు ఆగితే తాట కర్రను కరుచుకుంటుంది. అప్పుడు గొడ్డలితో చెక్కుకోవాల్సిందే. చేతులు బొబ్బలెక్కుతాయి, పనీ తెమలదు.

గట్టు మీద కౌలు రైతు ఫోను చెవికి ఆనించుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. కాసేపటికి ఫోను జేబులో పెట్టుకుని, "ఇవాళ కాటా లేదంట" అన్నాడు తనలో తాను.

ఆ ముక్క బరువు తెలియాలంటే ఒక లెక్క తెలియాలి. అప్పుడే కొట్టిన జామాయిల్ కర్రలో ఇంచుమించు సగం నీళ్లే. తాట తీసిన కర్ర ఎండలో పడి ఉంటే ఆ నీళ్లు ఆవిరైపోతుంటాయి. మిల్లు కాటా మీద తూచి రైతుకు డబ్బు కట్టేది టన్నుల్లో. కాటా ఒక రోజు వాయిదా పడిందంటే ఆ రోజు ఎండకు ఆవిరైంది ఆయన డబ్బే.

పొలాల్లో పెంచిన చెట్లు నరకడానికి కేంద్ర పర్యావరణ శాఖ 2025 జూన్‌లో నమూనా నిబంధనలు విడుదల చేసినప్పటి నుంచి కలప మీద మళ్లీ చర్చ మొదలైంది. అడవి నరికి తెచ్చిన సరుకును తమ మార్కెట్లోకి రానివ్వబోమంటున్న ఐరోపా సమాఖ్య చట్టం రెండుసార్లు వాయిదా పడి, పెద్ద కంపెనీలకు 2026 డిసెంబరు గడువు పెట్టింది. పోర్టళ్లు, ఉపగ్రహ చిత్రాలు, సర్టిఫికెట్లు... ఎక్కడ విన్నా ఇవే మాటలు. ఈ తోటల వెంట తిరిగినకొద్దీ నేను మాత్రం మళ్లీ మళ్లీ ఒకే చోటికి వచ్చి ఆగుతున్నాను. కలప వ్యాపారం అడవిని బతకనిస్తుందా, మింగేస్తుందా అన్నది చాలావరకు తేలేది కాటా దగ్గరే.

కూపుల కాలం

తాతల నాడు ఈ ప్రశ్నే లేదు. కలపంటే అడవిది, అడవంటే సర్కారుది. అటవీ శాఖ ఏటా అడవిలో ఒక ముక్కకు హద్దులు గీసి నరకడానికి వేలం వేసేది. ఆ ముక్కను ఏజెన్సీలో ఇప్పటికీ ‘కూపు’ అనే అంటారు. కాంట్రాక్టరు కూపు పాడుకుని కూలీలను దింపేవాడు. టేకు దుంగలు ఎడ్లబండ్ల మీద దిగేవి, గోదావరి మీద తెప్పలుగా తేలి వచ్చేవి. రాజమండ్రి కాగితం మిల్లుకూ, ఊరికి కాగితం పేరే తెచ్చిపెట్టిన కాగజ్‌నగర్ సిర్పూర్ మిల్లుకూ ఆధారం అడవి వెదురు.

ఆ వెదురు ఏ ధరకు దక్కేదో తెలిస్తే అడవి ఎందుకు తరిగిందో వేరే చెప్పక్కర్లేదు. పొరుగున కర్ణాటకలో దండేలి మిల్లుకు ఒకప్పుడు టన్ను వెదురు రూపాయిన్నరకు ఇచ్చారు. అక్షరాలా రూపాయిన్నర. బుట్టలల్లుకుని బతికే మేదరి బజారులో అదే వెదురుకు ఎన్నో రెట్లు పెట్టేవాడు. అంత చౌకగా వచ్చేదాన్ని ఎవరు పొదుపుగా వాడతారు? ఎవరు తిరిగి నాటుతారు?

1970ల్లో మాధవ్ గాడ్గిల్ ఆ అడవుల్లో తిరిగి వెదురు ఎందుకు పోతోందో చూశారు. పొద మొదట్లో అల్లుకున్న ముళ్ల కొమ్మలను మిల్లు కూలీలు శుభ్రంగా నరికేసేవారు. అలాగైతే పొద బాగా ఎదుగుతుందని శాస్త్రం చెప్పింది మరి. ఊరివాళ్లు మాత్రం ఆ ముళ్ల జోలికి పోకుండా పైపైన కోసుకునేవారు. ముళ్లు పోయిన పొదల్లో మొలిచిన ప్రతి కొత్త పిలకనూ పశువులు, కోతులు, ముళ్లపందులు తినేశాయి. ఆ కంచె విలువ ఊరికి తెలుసు. ఊరిని అడిగినవాళ్లు లేరు.

మార్పు రెండు దెబ్బలతో వచ్చింది. మొదటిది 1988 జాతీయ అటవీ విధానం: మిల్లులకు రాయితీ ధరకు అడవి సరుకు ఇవ్వడం ఆపాలని, కావలసిన కలపను రైతులతో ఒప్పందం చేసుకుని పండించుకోవాలని చెప్పింది. రెండోది సుప్రీంకోర్టు. నీలగిరుల్లోని గూడలూరు అడవుల నరికివేత మీద టి.ఎన్. గోదావర్మన్ తిరుముల్పాడ్ వేసిన కేసులో 1996 డిసెంబరు 12న వచ్చిన ఉత్తర్వు దేశమంతటా గొడ్డలిని ఆపింది. ఆమోదించిన వర్కింగ్ ప్లాన్ లేకుండా అడవిలో చెట్టు కొట్టడానికి వీల్లేదంది. అడవుల్లో అనుమతి లేకుండా నడుస్తున్న సా మిల్లులు, ప్లైవుడ్ మిల్లులు మూతపడ్డాయి.

> ఆ మాట పుట్టింది కలప దగ్గరే
>
> ఇవాళ అందరి నోటా నలుగుతున్న ‘సుస్థిరత’ అనే భావన పర్యావరణ సదస్సుల్లో పుట్టింది కాదు. జర్మనీలోని సాక్సనీలో హన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్స్ గనుల అధికారి. వెండి కరిగించే కొలుములకు బొగ్గు కావాలి, బొగ్గుకు చెట్లు కావాలి. చుట్టుపక్కల కొండలు బోడిగుండ్లవుతుంటే, ఎంత పెరుగుతుందో అంతకు మించి నరకొద్దంటూ 1713లో ఆయన ఒక పుస్తకం రాశారు. గనుల మీద ప్రేమతోనే ఆయన చెట్ల లెక్క వేశారు.

మిల్లే మొక్కలిచ్చిన రోజులు

అడవి తలుపు మూసుకోవడం మొదలవగానే మిల్లులు పొలం వైపు చూశాయి. భద్రాచలం దగ్గర గోదావరి ఒడ్డున సారపాకలో ఉన్న కాగితం మిల్లు 1980ల చివర్లో ఒక పని మొదలుపెట్టింది. అటవీ శాస్త్రవేత్త డాక్టర్ ప్యారేలాల్ నాయకత్వంలో మంచి జామాయిల్ చెట్లను వెతికి పట్టుకుని, విత్తనంతో పని లేకుండా కొమ్మల నుంచే మొక్కలు తయారుచేశారు. తల్లి చెట్టు ఎలా ఉంటే పిల్ల అచ్చు అలాగే. విత్తనపు తోటలో ఒక చెట్టు తాడిలా, పక్కది పొట్టిగా పెరిగేది. క్లోన్ తోటలో అన్నీ సైనికుల్లా ఒకే ఎత్తున నిలబడ్డాయి. హెక్టారుకు ఏడాదికి ఆరు నుంచి పది ఘనపు మీటర్లు వచ్చే చోట ఇరవై, అంతకు పైన రావడం మొదలైంది. ఖమ్మం జిల్లాలో రైతులు ఆ రకాలను నంబర్లతోనే పిలుస్తారు. 413 వేశావా, 526 వేశావా అని, వరి రకాలు చెప్పుకున్నంత మామూలుగా.

ఒకే పోలిక ఉన్నవాళ్లకు ఒకే జబ్బు వస్తుంది. 2000ల్లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన గాల్ కందిరీగ చిగుళ్లలో గుడ్లు పెట్టి, ఆకు ఈనెలను బొడిపెలు బొడిపెలుగా మార్చేసింది. తట్టుకోలేని క్లోన్ల తోటలు వరసగా ముడుచుకుపోయాయి. ఒకటి రెండు రకాల మీదే ఆధారపడితే ఏమవుతుందో రైతులు డబ్బు పెట్టి నేర్చుకున్నారు.

కోస్తాది ఇంకో కథ. ఇసుక నేలల్లో సరుగుడు. నెల్లూరు వైపు చవుకు అంటారు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత గాలికి అడ్డుగోడగా తీరం పొడవునా దీన్ని పెంచారు. వేళ్ల బుడిపెల్లో నత్రజనిని నిలుపుకుంటుంది కాబట్టి నేలకు భారం తక్కువ. నాకు ఇందులో నచ్చిన విషయం వేరే. సరుగుడు కొనేవాళ్లు ఇద్దరున్నారు. పందిళ్లకూ సెంట్రింగుకూ నిలువు కర్ర కావాలి, మిల్లుకు గుజ్జు కర్ర కావాలి. ఒకరు ధర తగ్గిస్తే రైతు రెండో తలుపు తట్టగలడు.

సుబాబుల్ రైతుకు ఆ రెండో తలుపు లేదు.

నిలబెట్టేది ధర, పీకించేదీ ధరే

ప్రకాశంలో పొగాకుతో, నందిగామ, జగ్గయ్యపేట వైపు పత్తితో విసిగిపోయిన రైతులు సుబాబుల్ వేశారు. పురుగుమందు అక్కర్లేదు, రోజూ కూలీలు అక్కర్లేదు, వాన పడితే చాలు. ఊళ్లకు ఊళ్లు వేశాయి. కోతకొచ్చేసరికి కర్ర ఎక్కువైంది, కొనేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మార్కెట్ కమిటీల ద్వారా కొనాలన్నారు, ప్రభుత్వం టన్నుకు నాలుగు వేల పైచిలుకు ధర ప్రకటించింది. ఆ ధర కాగితం మీద ఉండగానే రైతు చేతికి అందులో సగం కూడా రాని సంవత్సరాలున్నాయి. ఒంగోలులో ధర్నాలు జరిగాయి. తర్వాత జేసీబీలు వచ్చాయి, మోళ్లతో సహా పెకలించాయి.

ఇదే సినిమా హరియాణాలోని యమునానగర్‌లో ముందే ఆడింది. అడవి కలప ఆగాక అక్కడి ప్లైవుడ్ మిల్లులు రైతుల పోప్లార్ చెట్ల మీద బతకడం మొదలుపెట్టాయి. గోధుమ చేలలో వరసలుగా పోప్లార్లు లేచాయి. 2000ల మొదట్లో ధర పడిపోయింది. రైతులు నాటడం మానేశారు. కొన్నేళ్లకు కలప కరువై మిల్లులు అల్లాడాయి, ధర మళ్లీ ఆకాశానికి లేచింది. వరి రైతు పొరపాటు ఆరు నెలల్లో సరిదిద్దుకుంటాడు. చెట్టు వేసినవాడికి ఆ వీలు లేదు. ఇవాళ్టి ధర చూసి నాటితే నరికేది నాలుగైదేళ్ల తర్వాతి ధరకు.

పడిపోయిన ధర నేరుగా నేల మీద పడుతుంది. ఆరేళ్లు ఉంచితే కర్ర లావెక్కుతుంది, నేలలోంచి తీసుకున్న సారంలో చాలాభాగం ఆకు రూపంలో తిరిగి రాలుతుంది. మూడేళ్లకే కొడితే ఆ అవకాశం లేదు. ఆగితే మంచిదని రైతుకు తెలుసు. ఆగనివ్వనిది వడ్డీ. అమ్మాయి పెళ్లి, ఆసుపత్రి బిల్లు, షావుకారు పిలుపు. చెట్టు వయసును నిర్ణయించేది చాలాసార్లు అప్పు వాయిదా తేదీ. పంట రుణం ఉన్నట్టు చెట్టు నిలబెట్టుకోవడానికి రుణం ఉంటే, నిలబడి ఉన్న కర్రను హామీగా తీసుకుంటే, సుస్థిరత పేరు మీద జరిగే సదస్సులన్నిటికంటే ఎక్కువ మేలు జరుగుతుందని నా గట్టి నమ్మకం.

> నిషేధం ఇక్కడ, గొడ్డలి అక్కడ
>
> 1998లో యాంగ్జీ వరదల తర్వాత చైనా తన సహజ అడవుల్లో నరికివేతను ఆపింది. ఫ్యాక్టరీలు ఆగలేదు. రష్యా, ఆగ్నేయాసియా, ఆఫ్రికా అడవుల నుంచి దుంగలు వెల్లువెత్తాయి. మన టేకు తలుపుల కథా అంతే. బర్మా టేకు దుంగల ఎగుమతిని మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి ఆపేసింది. మనవాళ్లు వేరే దేశాల టేకు వెతుక్కున్నారు. గుజరాత్‌లో కాండ్లా రేవు పక్కన గాంధీధామ్‌లో సా మిల్లులు నడుస్తున్నది ఓడల్లో దిగే విదేశీ దుంగల మీదే. సొంత పొలంలో పండని కలప ఎక్కడో ఒకరి అడవిలోంచి వస్తుంది.

నేల మాటేంటి?

జామాయిల్ నీళ్లు తాగేస్తుందనే నింద పాతది. దాన్ని కొట్టిపారేయలేం, గుడ్డిగా నమ్మనూ కూడదు. 1980ల చివర, 1990ల్లో బ్రిటన్ శాస్త్రవేత్త ఇయాన్ కాల్డర్ బృందం కర్ణాటకలో ఏళ్ల తరబడి కొలిచింది. లోతు తక్కువ నేలల్లో జామాయిల్ వాడే నీరు పక్కనున్న సహజ అడవి వాడకానికి దగ్గరగానే ఉంది. హొసకోటె దగ్గర లోతైన నేలలో మాత్రం కురిసిన వానకు మించి తాగింది, వేళ్లు ఏటికేడు కిందికి దిగి నిల్వ నీటిని తోడాయి. బోర్లు అడుగంటిన కర్ణాటక 2017లో కొత్తగా జామాయిల్ నాటడం నిషేధించింది. చెట్టు ఒకటే, నేలను బట్టి ఫలితం మారింది. చెరువు కింద, బావుల పక్కన వేయడం తప్పని నేను అంటాను. వానకు కోసుకుపోతున్న గరప నేలలో, ఇంకేదీ పండని చోట వేస్తే తప్పు పట్టలేను.

ఇక్కడే ఆ తాట సంగతి మళ్లీ వస్తుంది. జామాయిల్ చెట్టు నేలలోంచి పీల్చుకున్న సున్నంలో పెద్ద భాగం తాటలో దాచుకుంటుంది. తాటను తోటలోనే ఒలిచి, ఆకుతో పాటు చాళ్లలో పరిచేస్తే అది మళ్లీ మట్టిలో కలుస్తుంది. లారీ ఎక్కిస్తే, కుప్పేసి అగ్గిపెడితే ఆ సారం పోయినట్టే. పొద్దున నేను చూసిన ఆడకూలీలు తమకు తెలియకుండానే నేలకు ఎరువు వేస్తున్నారు. సాయంత్రం ఇంటికి పొయ్యిలోకి కాసిని తాట పట్టీలు మోపుకట్టుకుపోయారు. వాళ్లకు దక్కే అదనం అదొక్కటే. తాట తీసే పనికి కూలి పెరిగినా, లేక పని మిల్లు యంత్రాలకు మారిపోయినా, ఈ లెక్క మొత్తం మారుతుంది.

కాగితాల అడవి

సొంత పొలంలో సొంతంగా పెంచిన టేకు చెట్టు కొట్టాలంటే రైతు గుండె దడదడలాడుతుంది. 2002 నాటి వాల్టా చట్టం, 1970 నాటి రవాణా నిబంధనలు, అటవీ శాఖ పరిశీలన, పర్మిట్. తిరిగే ఓపిక లేక రైతు దళారికి చెట్టు మీదే అమ్మేస్తాడు. ఆ తిరుగుడు ఖర్చు దళారి ధరలో కోసుకుంటాడు. అందుకే చాలామంది పర్మిట్ల తలనొప్పి అంతగా లేని జామాయిల్, సుబాబుల్, సరుగుడు తప్ప ఇంకేదీ వేయరు. అడవిని కాపాడటానికి పుట్టిన నిబంధన, పొలంలో రకరకాల చెట్లు పెరగకుండా అడ్డుపడింది. గట్ల మీద వేప, నల్లమద్ది, రోజ్‌వుడ్ కనిపించకుండా పోవడానికి ఇదొక పెద్ద కారణం.

పొలంలో పండిన వెదురుకు 2017లో విముక్తి వచ్చింది. 1927 నాటి అటవీ చట్టం గడ్డి జాతి మొక్కను చెట్టుగా లెక్కగట్టిన తప్పును తొంభై ఏళ్లకు దిద్దారు. 2023 డిసెంబరులో దేశమంతటికీ ఒకే ఆన్‌లైన్ రవాణా పాసు వచ్చింది. 2025 నమూనా నిబంధనల ప్రకారం రైతు తన తోటను పోర్టల్‌లో ముందే నమోదు చేయాలి, చెట్ల ఫొటోలు ఎక్కించాలి, కోత సమయంలో అనుమతి అక్కడే తీసుకోవాలి. దేశంలో అడవుల బయట ఉన్న చెట్ల నుంచి ఏటా 9 కోట్ల ఘనపు మీటర్లకు పైగా కలప రాగలదని 2023 అటవీ నివేదిక అంచనా వేసింది. అంత కలపను పండించేది రైతే అయినప్పుడు దారి సులువు చేయడం మంచిదే.

పోర్టల్ మొదట అడిగేది భూమి ఎవరిదని. గట్టు మీద ఫోను పట్టుకుని తిరిగిన మనిషికి పట్టా లేదు. నాటింది ఆయన, నాలుగేళ్లు కంచె కాసింది ఆయన, కాగితంలో మాత్రం ఆయన లేడు. ఐరోపా చట్టం కూడా కర్ర పుట్టిన పొలం అక్షాంశ రేఖాంశాలు అడుగుతుంది. కొలతలు దొరుకుతాయి. ఆ కొలతల మధ్య చెమటోడ్చిన మనిషి పేరు ఎక్కడ రాయాలో చెప్పే గడి ఏ ఫారంలోనూ లేదు. కౌలు రైతును లెక్కలోకి తీసుకోని పచ్చదనపు సర్టిఫికెట్‌ను నేను మనస్ఫూర్తిగా నమ్మలేను.

> ఎర్రచందనం చెప్పే సంగతి
>
> శేషాచలం, వెలిగొండ, లంకమల, పాలకొండ వంటి తూర్పు కనుమల కొండల్లో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగని చెట్టు. 1995 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందం ‘సైటిస్’ జాబితాలో ఉంది. కలప ధర చుక్కలనంటినా అడవి బతకలేదు, ఎందుకంటే ఆ ధర చెట్టు పెంచిన చేతికి చేరదు. కొండెక్కిన కూలీకి దక్కేది కూలి డబ్బే. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది చనిపోయారు. 2023లో సైటిస్ ప్రత్యేక సమీక్ష నుంచి భారత ఎర్రచందనం బయటపడింది. పొలాల్లో పెంచిన రైతులకు ఇప్పుడైనా చట్టబద్ధమైన కాటా దొరకాలి.

ప్రాణహిత అవతలి ఊరు

అడవి కలపను పూర్తిగా మరిచిపోవాలని నేను అనను. తెలంగాణ సరిహద్దుకు అవతల గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా అనే గోండు పల్లె ఉంది. అటవీ హక్కుల చట్టం కింద 2009లో దాదాపు 1,800 హెక్టార్ల మీద ఊరికి సామూహిక హక్కు వచ్చింది. అయినా వెదురు అమ్ముకోవడానికి అటవీ శాఖ రవాణా పాసు ఇవ్వనంది. 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ సమక్షంలో ఆ పాసు పుస్తకం గ్రామసభ చేతికొచ్చింది. ఎక్కడ ఎంత కోయాలో, ఎప్పుడు ఆపాలో ఊరే కూర్చుని తేల్చుకుంటుంది. ధర కూడా ఊరే అడుగుతుంది. కర్ణాటకలో ఒకనాడు రూపాయిన్నరకు పోయిన వెదురు మీద ఇక్కడ ఇప్పుడు పల్లె బేరమాడుతోంది. మన వైపు వెదురున్న గూడేలకు ఈ చట్టం ఉంది, పాసు పుస్తకం చేతికందడమే అరుదు.

సాయంత్రం

నాలుగు దాటాక ఫోను మోగింది. రేపు పొద్దున లారీ వస్తుందట, లోడింగ్ ముఠాను ఏడింటికల్లా సిద్ధంగా ఉంచమన్నారు. కౌలు రైతు కర్ర కుప్పల మీద జామాయిల్ కొమ్మలు కప్పుతున్నాడు. రేపటి దాకా కాస్తయినా పచ్చి నిలబడాలని.

కోసిన చాళ్లలో మోళ్లు వరసగా ఉన్నాయి. వాన నీరు నిలిచి కుళ్లకుండా ఏటవాలుగా, నేలకు దగ్గరగా, తాట చీలకుండా కోయించాడు. అలా కోస్తే నెలా నెలన్నరలో పిలకలు తన్నుకొస్తాయి. బలమైనవి ఒకటో రెండో ఉంచి మిగతావి తీసేస్తే, మొక్క ఖర్చు లేకుండా రెండో కోత.

గట్టు అవతలి పొలంలో ఆయిల్ పామ్ మొక్కలు నల్ల సంచుల్లో ఎదురుచూస్తున్నాయి. పోయినేడు అక్కడా జామాయిలే ఉండేది. ఈ పొలం యజమాని హైదరాబాద్‌లో ఉంటాడు. మోళ్లు ఉంచుదామా, జేసీబీ పెట్టి తీయించేద్దామా అని మొన్న ఫోనులో అడిగాడట.

"కాటా చీటీ చేతికొచ్చాక చెబుతానన్నా" అన్నాడు కౌలు రైతు, ఇంకో కొమ్మ తెచ్చి కుప్ప మీద వేస్తూ.